పాత నైలాన్ మేజోళ్లు: పెట్టె కన్నా ముందు అల్లికను చదవాలి

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ. న్యూజెర్సీలో ఒక ఎస్టేట్ సేల్‌లో, అంటే ఒకరి ఇంటి సామానంతా అమ్మేసే చోట, పలచటి అట్టపెట్టె కొన్నారు. లోపల టిష్యూ కాగితాల మధ్య మూడు జతల స్టాకింగ్స్ ఉన్నాయి, వెనక కుట్టు గీత ఉంది. పెట్టె చివర 51 గేజ్, 15 డెనియర్, 9½ అని అచ్చు. ఇవి నిజంగా పాతవేనా, ఏ కాలానివి, ఉతకొచ్చా, హైదరాబాద్ తీసుకెళ్తే అక్కడి బీరువాలో నిలుస్తాయా, ఇంకా కొనాలంటే ఏం చూడాలి అని అడిగారు. ఒక్కొక్కటే చూద్దాం.

ఇంకా వాటిని టిష్యూలోంచి బయటికి తీయకపోతే మాత్రం కాసేపు ఆగండి. పాత నైలాన్లలో సగం పాడయ్యేది కాలం వల్ల కాదు, కొన్నరోజు సాయంత్రం ఉత్సాహంగా విప్పి చూడ్డం వల్ల. ఉంగరాలు, గాజులు, వాచీ తీసేయండి. గోళ్ల అంచులు అరగదీయండి. వేళ్ల పక్కన ఎండిపోయి గరుకైన చర్మం గోరు కన్నా ఎక్కువగా పోగును పట్టేస్తుంది. అలాగని అప్పటికప్పుడు క్రీము రాసుకుంటే నూనె మరక పడుతుంది. పొడి లేని నైట్రైల్ గ్లవ్స్ అన్నిటికన్నా మంచివి. నూలు గ్లవ్స్ వాడమని చాలామంది చెప్తారు గానీ, పాతబడి నూగు లేచిన నూలు గ్లవ్ కూడా పోగును లాగుతుంది. బల్ల మీద నున్నటి తెల్ల దుప్పటి పరిచి, కింది టిష్యూతో సహా రెండు అరచేతుల మీద ఎత్తి పెట్టండి. పై అంచు పట్టుకుని వేలాడదీయొద్దు.

ఇక అసలువా కాదా అన్నది. వెనక గీత ఉన్నంత మాత్రాన అది పాత పద్ధతి స్టాకింగ్ కాదు. గీత పక్కన ఏముందో చూడాలి. పిక్క భాగంలో, మళ్లీ పై పట్టీకి కొంచెం కింద, గీతకు రెండు వైపులా చిన్న చిన్న చుక్కలు జంటలుగా దిగుతూ కనిపించాలి. వీటిని ఫ్యాషన్ మార్కులంటారు. తర్వాత పై పట్టీ, అంటే వెల్ట్ వెనక భాగం చూడండి. కుట్టు పట్టీలోకి ఎక్కే చోట చిటికెనవేలు దూరేంత లేదా అంతకన్నా చిన్న గుండ్రటి సందు ఉంటుంది. పట్టీ రెండు పొరలు కాబట్టి ఆ చోట కుట్టు వేరుగా ముగుస్తుంది, అక్కడ మిగిలేదే ఆ సందు. చూసినవాళ్లు చిరుగు అనుకుని కుట్టేస్తుంటారు. దయచేసి కుట్టకండి, అది సంతకం లాంటిది. చుక్కలూ సందూ రెండూ ఉంటే మీ చేతిలో ఉన్నది ఫుల్లీ ఫ్యాషన్డ్ స్టాకింగ్.

ఆ చుక్కలు ఎందుకొస్తాయో తెలిస్తే నకిలీ పట్టుకోవడం తేలిక. ఇది నేత కాదు, అల్లిక. పడుగూ పేకా లేవు, ఒకే పోగు లూపులు లూపులుగా దిగుతుంది. ఫుల్లీ ఫ్యాషన్డ్ స్టాకింగ్‌ను గొట్టంలా అల్లరు. బల్లపరుపు బట్టగా, తొడ దగ్గర మొదలుపెట్టి పాదం వైపు, కాలి ఆకారానికి తగ్గట్టు వెడల్పు తగ్గిస్తూ అల్లి, చివర రెండు అంచులనూ వెనక కలిపి కుడతారు. వెడల్పు తగ్గించిన ప్రతిసారీ అంచు దగ్గరి లూపు పక్క సూది మీదికి మారుతుంది. రెండు లూపులు ఒకే చోట పడతాయి, అదే చుక్క. ఇంగ్లండ్‌లో విలియం లీ 1589లో తయారుచేసిన చట్రంతో ఈ బల్లపరుపు అల్లిక యంత్రానికెక్కింది. 1864లో విలియం కాటన్ పేటెంట్ చేసిన మెషీన్ ఆ తగ్గింపును కూడా తనంతట తానే చేసేది, అదీ ఒకేసారి చాలా కాళ్లకు. మీరుండే న్యూజెర్సీకి పక్కనే, పెన్సిల్వేనియాలోని రీడింగ్ పట్టణం అమెరికాలో ఈ మెషీన్లకు పుట్టిల్లు. టెక్స్‌టైల్ మెషీన్ వర్క్స్ అక్కడిదే, దాని సోదర సంస్థ బెర్క్‌షైర్ మిల్లు కూడా అక్కడిదే. అందుకే మీ చుట్టుపక్కల ఎస్టేట్ సేల్స్‌లో బెర్క్‌షైర్ పెట్టెలు తరచుగా తగులుతాయి.

నకిలీ అన్నాను గానీ, మోసం ఉద్దేశం లేని నకిలీలే ఎక్కువ. గుండ్రటి మెషీన్ మీద గొట్టంలా అల్లి, అలంకారానికి వెనక ఒక గీత కుట్టినవి పాతకాలంలోనూ ఉన్నాయి, ఇప్పుడూ వస్తున్నాయి. వాటి గీత తీసేసినా స్టాకింగ్ విడిపోదు, ఎందుకంటే అది దేన్నీ కలపడం లేదు. లోపలి వైపు వెలుతురుకు పట్టి చూడండి. నిజమైన కుట్టులో రెండు అంచులు కలిసిన సన్నటి గట్టు వేలికి తెలుస్తుంది. కొన్ని కొత్త స్టాకింగ్స్‌లో దొంగ చుక్కలు కూడా పెడతారు. అసలు చుక్కల దగ్గర లూపుల వరసలు గీత వైపు వంగి వచ్చి ఆగిపోతాయి. దొంగ చుక్కల దగ్గర వరసలు ఏమీ పట్టనట్టు నిటారుగా దిగిపోతాయి. పది రెట్లు పెద్దగా చూపే భూతద్దం చాలు, బట్టల వ్యాపారులు నేత లెక్కపెట్టే మడత భూతద్దమైనా సరే.

ఇప్పుడు ఆ అంకెలు. గేజ్ అంటే అంగుళంన్నర పొడవులో ఎన్ని సూదులున్నాయన్న లెక్క. 51 గేజ్ అంటే అంగుళానికి 34 సూదులు. 60 గేజ్ అంటే 40. 45, 51, 54, 60, 66, 75 దాకా చూస్తారు. డెనియర్ అంటే 9,000 మీటర్ల పోగు ఎన్ని గ్రాములు తూగుతుందన్నది. 15 డెనియర్ అంటే తొమ్మిది కిలోమీటర్ల పోగు బరువు 15 గ్రాములు. ఒకటి అల్లిక ఎంత దగ్గరో చెప్తుంది, రెండోది పోగు ఎంత లావో చెప్తుంది. ఈ రెంటినీ కలిపేసి 'గేజ్ ఎక్కువైతే పలచన' అని రాసే అమ్మకందార్లు బోలెడుమంది. అది తప్పు. అదే 15 డెనియర్ పోగుతో 60 గేజ్ అల్లితే 51 కన్నా లూపులు చిన్నవి, దగ్గర. చేతికి కొంచెం బిగువుగా, చూపుకు నునుపుగా ఉంటుంది, గోరు తగిలినా లూపు అంత తేలిగ్గా బయటికి రాదు. పలచదనం పోగుది, పొందిక గేజ్‌ది.

మన నేతవాళ్ల లెక్కకు అలవాటైనవారికి ఇక్కడ ఒక తికమక ఉంది. నూలు కౌంటు పెరిగితే పోగు సన్నబడుతుంది, డెనియర్ పెరిగితే లావవుతుంది. ఒకటి తలకిందులైతే రెండోది వస్తుంది: 5,315ను డెనియర్‌తో భాగిస్తే కౌంటు. ఆ లెక్కన పొందూరు ఖద్దరుకు పేరు తెచ్చిన 100 కౌంటు నూలు సుమారు 53 డెనియర్. మీ 15 డెనియర్ పోగు నూలుగా ఉండి ఉంటే 354 కౌంటు అయ్యేది. పైగా యుద్ధం తర్వాతి 15 డెనియర్ సాధారణంగా ఒంటి పోగు, సన్న పోచలు కలిపి పేనింది కాదు. మందం సుమారు 43 మైక్రాన్లు, తలవెంట్రుకలో సగం పైచిలుకు. గాజులాంటి ఆ తేట మెరుపు దాని నుంచి వచ్చేదే. 30 డెనియర్‌లో చాలా పోచలు కలిసి ఉంటాయి కాబట్టి అది మెత్తగా, కాస్త మసకగా కనిపిస్తుంది. నా మట్టుకు అల్లిక అందం చూడాలంటే 60 గేజ్ 15 డెనియర్, రోజువారీ బట్టగా దాని తీరు చూడాలంటే 45 గేజ్ 30 డెనియర్. 10 డెనియర్ చూడముచ్చటే, కానీ కొత్తగా మొదలుపెట్టేవాళ్ల చేతిలో బతకదు.

9½ అన్నది పాదం పొడవు, అంగుళాల్లో. బూట్ల సైజు కాదు. 8½ నుంచి 11 దాకా అర అంగుళం చొప్పున ఉంటాయి. పక్కన 31, 33 లాంటి రెండో అంకె ఉంటే అది కాలి పొడవు. కొన్ని మిల్లులు అంకె బదులు షార్ట్, మీడియం, లాంగ్ అని రాశాయి. ఈ అంకెలు వెల్ట్ మీదో, వేళ్ల కొస దగ్గరో చిన్న అక్షరాలతో ముద్రించి ఉంటాయి. పెట్టె మీది అంకెలూ స్టాకింగ్ మీది అంకెలూ సరిపోలుతున్నాయో లేదో మొదట చూడండి. ఖాళీ పెట్టెల్లో వేరే జతలు పెట్టి అమ్మడం ఈ రంగంలో అతి మామూలు మోసం. కావాలని చేయకపోయినా, ఇంటావిడ అరవై ఏళ్ల కిందట వాడిన జతల్ని దొరికిన పెట్టెలో సర్ది ఉండొచ్చు.

కాలం తేల్చడానికి ఒకే ఒక్క గుర్తు మీద ఆధారపడొద్దు. మీ పెట్టెనే తీసుకుందాం. నైలాన్‌ను డ్యూపాంట్ కంపెనీలో వాలస్ కరోథర్స్ బృందం 1935లో తయారుచేసింది. స్టాకింగ్స్‌గా 1939 అక్టోబర్ 24న డెలావేర్‌లోని విల్మింగ్టన్‌లో నాలుగు వేల జతలు అమ్మి చూశారు, 1940 మే 15న దేశమంతా అమ్మకానికి పెట్టారు. అప్పటివి ఎక్కువగా 30, 40 డెనియర్. పైగా వాటిలో చాలావాటికి వెల్ట్, పాదం నూలుతోనో రేయాన్‌తోనో ఉండేవి. 1942 మొదట్లో నైలాన్ అంతా పారాషూట్లకూ తాళ్లకూ వెళ్లిపోయింది. 1945 ఆగస్టు తర్వాతే మళ్లీ మిల్లులకు వచ్చింది. 1946లో పిట్స్‌బర్గ్‌లో 13,000 జతల కోసం 40,000 మంది వరస కట్టారన్నది ఈ కరువు తర్వాతి సంగతే. కాబట్టి పై నుంచి కింది దాకా నైలాన్, 15 డెనియర్ అంటే యుద్ధం తర్వాతిది అనుకోవడం సబబు.

ఆ వైపు హద్దు దొరికింది. ఈ వైపు హద్దు పెట్టె చెప్తుంది. అమెరికాలో బట్ట మీద పోగుల శాతం రాయాలన్న చట్టం 1960 మార్చి 3న అమల్లోకి వచ్చింది. '100 శాతం నైలాన్' లాంటి మాట ఎక్కడా లేకపోతే దానికి ముందుది అయ్యే అవకాశం ఎక్కువ. చిరునామా చూడండి. ఊరి పేరు తర్వాత ఒకటి రెండు అంకెలు మాత్రమే, అంటే న్యూయార్క్ 16 లాగా ఉంటే అది 1943 తర్వాతది, 1963 జూలైలో వచ్చిన ఐదంకెల జిప్ కోడ్‌కు ముందుది. ఆర్‌ఎన్ అని ఒక నంబరు, అంటే కంపెనీకి ప్రభుత్వమిచ్చే నమోదు సంఖ్య ఉంటే 1950లకు ముందుది కాదు. పోగుల శాతం మాట దాని మీద లేకపోతే, ఇవన్నీ కలిపి మీ పెట్టె 1946కీ 1960కీ మధ్య ఎక్కడో పడుతుంది. అంతకన్నా సన్నగా తేల్చాలంటే ఆ మిల్లు పత్రికా ప్రకటనలతో పెట్టె మీది బొమ్మను పోల్చడమొక్కటే దారి. ఒక జాగ్రత్త: మిల్లులు మిగిలిన పెట్టెల్ని ఏళ్ల తరబడి వాడేవి. పెట్టె చెప్పే సంవత్సరం కన్నా స్టాకింగ్ తర్వాతిదై ఉండొచ్చు.

బ్రిటిష్ పెట్టెలకు వేరే గుర్తులు. సీసీ41 అనే ముద్ర ఉంటే 1941–52 మధ్య నడిచిన యుటిలిటీ పథకం, అంటే యుద్ధకాలపు పొదుపు పథకం సరుకు. ధర 5/11 లాగా షిల్లింగులు, పెన్నీల్లో ఉంటే 1971 ఫిబ్రవరి 15కు ముందుది. అరిస్టాక్, కేసర్ బోండర్, బల్లిటో, బేర్ బ్రాండ్, చార్నోస్ పేర్లు ఎక్కువగా తగులుతాయి. జర్మన్ పెట్టె మీద పెర్లాన్ అని ఉంటే అది నైలాన్‌కు దగ్గరి చుట్టమే గానీ అదే కాదు. 1938లో పౌల్ ష్లాక్ తయారుచేసిన నైలాన్ 6 అది. కరిగే వేడి సుమారు 220 డిగ్రీలు, డ్యూపాంట్ నైలాన్ 66కు 260 పైన. డెడెరాన్ అని ఉంటే తూర్పు జర్మనీది, ఆ పేరు 1959లో పెట్టారు.

1960ల్లో కథ మారింది. గుండ్రటి మెషీన్ మీద కుట్టులేని స్టాకింగ్ చవక, త్వరగా అయిపోతుంది. అమెరికాలో ఆ దశాబ్దం మొదట్లోనే అది కుట్టు స్టాకింగ్‌ను దాటేసింది. గ్లెన్ రేవెన్ మిల్లు 1959లో తెచ్చిన, నడుము దాకా ఒకటే తొడుగుగా ఉండే ప్యాంటీహోస్ పొట్టి స్కర్టుల పుణ్యమా అని 1970 నాటికి మొత్తం స్టాకింగ్స్‌నే పక్కకు నెట్టింది. అందుకే కుట్టులేని పాత జతలు ఇప్పటికీ పెట్టెల కొద్దీ దొరుకుతాయి, ధర తక్కువ. వాటిని తీసిపారేయకండి. మడమ, వేళ్ల కొస గట్టిపరిచినవీ, మైక్రోమెష్ అల్లికవీ నేర్చుకోవడానికి చాలా మంచివి. మెష్‌లో లూపులు పక్కపక్కనే లంకె వేసి ఉంటాయి కాబట్టి పోగు తెగితే చిన్న చిల్లు పడి ఆగుతుంది, నిచ్చెనలా కిందిదాకా జారదు.

ఆ జారడం సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. మామూలు అల్లికలో ప్రతి లూపు తన పై వరస లూపును పట్టుకుని నిలబడుతుంది. ఒకటి తెగితే ఆ నిలువు వరసంతా ఒకదాని వెనక ఒకటి వదిలేస్తుంది. అడ్డపోగులు మాత్రం మెట్లలా మిగులుతాయి. స్టాకింగ్ కిందికి దిగకుండా పై అంచును పట్టుకునే సస్పెండర్ క్లిప్ దగ్గర ఇది ఎక్కువగా మొదలవుతుంది కాబట్టే వెల్ట్ రెండు పొరలు, దాని కింద ఒక వేలెడు వెడల్పున కాస్త చిక్కటి పట్టీ. గోథమ్ గోల్డ్ స్ట్రైప్ అనే అమెరికన్ పేరు విన్నారా? క్లిప్ దగ్గర మొదలైన జారుడు కిందికి దిగకుండా వెల్ట్ కింద వేసిన బంగారు రంగు గీత నుంచే ఆ పేరు. జారుడు కనిపిస్తే గోళ్ల రంగు పూయమని ప్రతి ఇంట్లోనూ చెప్తారు. వాడుకునే జతకు సరే. సేకరణకు మాత్రం అది శాశ్వత మరక. దాన్ని అసిటోన్‌తో తుడిస్తే నైలాన్ కరగదు గానీ అద్దకం కదిలి చుట్టూ తెల్లమచ్చ పడొచ్చు. పూయడం బదులు, జారుడు కొసన అదే రంగు సన్నటి దారంతో ఒక్క కుట్టు వేసి ఆ లూపును కట్టేయండి. పూర్తిగా తిరిగి అల్లాలంటే లాచ్ సూది కావాలి. కొసన చిన్న తలుపులా మూసుకునే కొక్కెం ఉన్న సూది అది. ఒక్కో మెట్టును ఒక్కో లూపుగా పైకెత్తుకుంటూ పోవాలి. 51 గేజ్‌లో అది కళ్లకు పరీక్ష. ముందు పనికిరాని జత మీద చేయి తిప్పుకోండి.

జత స్థితి చూడ్డానికి తెల్ల కాగితం మీద ఒకసారి, నల్ల కాగితం మీద ఒకసారి పరవండి. తెల్లదాని మీద మరకలూ పసుపూ, నల్లదాని మీద చిల్లులూ లాగిన పోగులూ బయటపడతాయి. రెండు కాళ్లనూ పక్కపక్కన పెట్టి పొడవు, రంగు, వెల్ట్ వెడల్పు కలుస్తున్నాయా చూడండి. కలవకపోతే అది జత కాదు, రెండు ఒంటి కాళ్లు. వెల్ట్ మీద ఇర్రెగ్యులర్ లేదా సబ్‌స్టాండర్డ్ అని ముద్ర ఉంటే మిల్లులోనే లోపం పట్టుకున్నారని అర్థం. చాలాసార్లు ఆ లోపం రంగులో ఒక నీడ గీత మాత్రమే. ధర తగ్గుతుంది గానీ తొడుక్కోవడానికైనా, చూసి నేర్చుకోవడానికైనా ఇవే లాభసాటి.

మడమ ఆకారం చూడ్డం సరదాలో సగం. గట్టిపరిచిన భాగం పైన సూటిగా కోసినట్టు దీర్ఘచతురస్రంలా ముగిస్తే క్యూబన్ మడమ, త్రికోణంలా మొనతేలితే పాయింట్ మడమ. ఒక జతలో రెండు మడమల ఎత్తూ ఒక్కటేనా అన్నది పనితనానికి మంచి కొలత. పాదం అడుగున కుట్టు వేళ్ల దాకా వంకర లేకుండా వెళ్లిందా అన్నది ఇంకో కొలత.

పసుపు పట్టిన జతను చూసి వెంటనే నిరాశపడొద్దు, కానీ రెండు రకాల పసుపును వేరుచేసి చూడాలి. ఎండకూ గాలికీ చెడిన నైలాన్ పసుపెక్కి బిరుసవుతుంది. మడత దగ్గర నెమ్మదిగా తెరిస్తే చిన్నగా చిట్లిన శబ్దం వస్తుంది. దానికి మందు లేదు. రెండోది పాత ప్లాస్టిక్ కవర్లలోనూ అట్టల్లోనూ ఉండే రసాయనాలు నైలాన్‌లోకి ఇంకి, గాలిలోని నైట్రోజన్ ఆక్సైడ్లతో కలిసి పుట్టే పసుపు. పెట్టె అంచుల వెంబడి, అట్టకు తగిలిన చోటనే గాఢంగా ఉంటుంది. పోగు మాత్రం మెత్తగా సాగుతుంది. అలాంటి జతను ఆ అట్ట నుంచి వేరుచేస్తే చాలు, ఇంకా ముదరదు.

ఉతకొచ్చా అన్నారు. ఎప్పుడూ తొడగని జతను ఉతకొద్దు. మిల్లు నుంచి వచ్చిన మడత, ముద్ర, స్పర్శ ఒక్క ఉతుకుతో పోతాయి, సగం విలువ కూడా వాటితోనే పోతుంది. అంతగా దుమ్ము ఉంటే మెత్తటి బ్రష్‌తో టిష్యూ మీదనుంచే దులపండి. తొడిగిన జతకు మాత్రం ఉతుకు అవసరం, చెమటలోని ఆమ్లం నైలాన్‌ను తింటూనే ఉంటుంది. రెండు లీటర్ల గోరువెచ్చని నీళ్లు, 30 డిగ్రీలు దాటకుండా, అందులో అర చెంచా రంగులేని న్యూట్రల్ లిక్విడ్ సోపు. ఒక్కో కాలూ విడిగా ముంచి ఐదు నిమిషాలు అరచేత్తో అదమండి. రుద్దొద్దు, పిండొద్దు. మూడు సార్లు జాడించి, చివరిసారి డిస్టిల్డ్ లేదా ఆర్‌ఓ నీళ్లు వాడండి. హైదరాబాద్ బోరు నీళ్లతో జాడిస్తే సున్నం పోగు మీద మిగిలి గరుకవుతుంది. తువ్వాలు మీద పరిచి చుట్టచుట్టి నీరు పీల్పించి, నీడలో బల్లపరుపుగా ఆరబెట్టండి. బ్లీచ్ వద్దేవద్దు, క్లోరిన్ నైలాన్‌కు గొడ్డలిపెట్టు. పట్టుచీరలకు వాడినట్టు కుంకుడు రసం కూడా వద్దు, లేత రంగు నైలాన్‌కు దాని గోధుమ రంగు అంటుకుంటుంది. నైలాన్‌కు పక్కబట్టల రంగును లాక్కునే గుణం ఉంది కాబట్టి మరే బట్టతోనూ కలిపి నానబెట్టొద్దు. ఇస్త్రీ ప్రసక్తే లేదు. కాలి ఆకారం మిల్లులో అద్దకానికి ముందే ఆవిరి వేడితో ఎక్కించి ఉంటారు, మీ ఇస్త్రీపెట్టె ఆ ఆకారాన్ని చెరిపి కొత్త మడతను శాశ్వతం చేస్తుంది.

దాచడం విషయంలో మన ఊళ్ల సమస్య వేడి కన్నా తేమ, తేమ కన్నా మన అలవాట్లు. కలరా ఉండలు వేయడం మొదటి అలవాటు. నైలాన్‌ను చిమ్మట తినదు, ఆ ఉండల వాసన మాత్రం ఏళ్లు వదలదు. కర్పూరమూ అంతే. పురుగులు వచ్చేది అట్టపెట్టె జిగురు కోసం, బొద్దింకలు వచ్చేది మురికి కోసం. శుభ్రంగా ఉన్న జతను మూత బిగువుగా ఉన్న పాలీప్రొపిలీన్ డబ్బాలో పెడితే చాలు. పట్టుచీరల మడతల మధ్య పెట్టడం రెండో అలవాటు. జరీ కొస ఒక్కటి తగిలితే పోగు లేచిపోతుంది.

ఇలా చేయండి. ఆమ్లం లేని, బఫర్ (క్షార పదార్థం) కలపని టిష్యూను వదులుగా చుట్టి, దాని మీద జతను మడత పదునుగా పడకుండా వాల్చండి. జతకూ జతకూ మధ్య ఒక టిష్యూ పొర. అసలు పెట్టెను పారేయొద్దు, కానీ స్టాకింగ్స్‌ను అందులో ఉంచొద్దు కూడా. పెట్టెనూ పాత టిష్యూనూ వేరే కవర్లో పెట్టి, రెంటి మీదా ఒకే నంబరు పెన్సిల్‌తో రాసుకోండి. పాత పీవీసీ సంచీలైతే వెంటనే తీసేయండి, అవి జిడ్డు కారి బట్టకు అంటుకుంటాయి. గుండుసూదులు, స్టేపుల్ పిన్నులు తుప్పు మరకలిస్తాయి. రబ్బరు బ్యాండు కరిగి నల్లగా అతుక్కుంటే ఇక రాదు. ఐదు లీటర్ల డబ్బాకు 50 గ్రాముల సిలికా జెల్ సంచి ఒకటి, బట్టకు తగలకుండా. రంగు మారేది కొంటే నారింజ రంగుది కొనండి, నీలం రంగుదానిలో కోబాల్ట్ ఉంటుంది. రంగు మారాక ఓవెన్‌లో 110–120 డిగ్రీల దగ్గర రెండు గంటలు ఉంచితే మళ్లీ పనిచేస్తుంది. అయితే కొన్న సంచి కవరు ఆ వేడికి తట్టుకుంటుందో లేదో ముందు చూసుకోండి. తేమ 45 నుంచి 55 శాతం మధ్య ఉండాలి. మూడొందల రూపాయల డిజిటల్ మీటరొకటి డబ్బాలో పడేస్తే ముసురు రోజుల్లో మీకే తెలుస్తుంది. విశాఖ, కాకినాడ లాంటి సముద్రతీరం ఊళ్లలో సంచి రెండు రెట్లు వేయాలి. బయటి గోడకు ఆనించిన ఇనుప బీరువా పై అర వద్దు, లోపలి గది కింది అర మేలు. అమ్మవాళ్లు పట్టుచీరల మడతలు ఆర్నెల్లకోసారి మార్చినట్టే వీటినీ మార్చండి, ఆ అలవాటు ఒక్కటి మాత్రం ఇక్కడ బంగారం.

ఇంకా కొనాలంటే అమ్మేవారిని అడగాల్సినవి: వెల్ట్ వెనక సందు ఫొటో, చుక్కల ఫొటో, ముద్రించిన అంకెల ఫొటో, రెండు కాళ్లూ పక్కపక్కన పరిచిన ఫొటో. మోడల్ కాలి మీది ఫొటోతో ఏమీ తెలియదు, పైగా ఆ ఫొటో తీయడానికి ఒకసారి తొడిగారన్నమాటే కదా. 'సిల్క్' అని రాసిన వాటిని నమ్మొద్దు. అది పట్టా, నైలానా, రేయానా తేల్చడానికి వేళ్ల కొస కుట్టు దగ్గర వదులుగా మిగిలిన దారం అర సెంటీమీటరు దొరికితే పట్టకారుతో పట్టి వెలిగించండి. పట్టు వెంట్రుక కాలిన వాసనతో నలిగే బూడిదవుతుంది. రేయాన్ కాగితంలా కాలుతుంది. నైలాన్ ముందే ముడుచుకుపోయి కరిగి, చల్లారాక గట్టి పూస అవుతుంది. వదులు దారం లేకపోతే ఈ పరీక్ష మానేయండి, దీనికోసం బట్ట కోయడం దండగ.

ధర విషయంలో ఫుల్లీ ఫ్యాషన్డ్, తొడగనిది, పెట్టెతో సహా ఉన్నది పై వరస. తొడుక్కోవడానికి కొనేవాళ్లే ఎక్కువ కాబట్టి 10½, 11 సైజులు, పొడుగు కాళ్లవి ఎక్కువ పలుకుతాయి. 8½, 9 చౌక. సేకరణకే అయితే ఆ చిన్న సైజుల మీద దృష్టి పెట్టండి, అదే పనితనం తక్కువకొస్తుంది. ఇప్పటికీ ఇంగ్లండ్, ఫ్రాన్స్‌లలో కొద్దిచోట్ల పాత మెషీన్ల మీద అల్లుతున్నారు. అవి కొత్తవని చెప్పి అమ్మితే కొనడంలో తప్పు లేదు, పాత పెట్టెలో పెట్టి అమ్మితేనే పేచీ.

తొడిగి చూడాలనిపిస్తే ఇది గుర్తుంచుకోండి: రబ్బరులా సాగే పోగు లైక్రా పుట్టింది 1958లో, మీ పెట్టెలోని స్టాకింగ్స్‌లో అలా సాగే గుణమే లేదు. పాదం అంకె అర అంగుళం తక్కువైనా వేళ్ల కొస చిరుగుతుంది. పూర్తిగా వేళ్ల దాకా కుచ్చుగా పోగుచేసి, గట్టిపరిచిన మడమ భాగాన్ని మీ మడమకు సరిపెట్టి, అరచేతుల్తో పైకి జరపాలి, వేళ్లతో లాగకూడదు. క్లిప్పులు కూర్చుని పెట్టుకోవాలి, నిలబడి బిగిస్తే కూర్చోగానే తొడ దగ్గర తెగుతుంది. చీలమండ దగ్గర సన్నటి ముడతలు పడతాయి. అది లోపం కాదు, సాగని నైలాన్ తీరే అది.

మీ మూడు జతల్లో రెంటిని పైన చెప్పినట్టు సర్దేయండి, మూడోదాన్ని చూసుకోవడానికి ఉంచుకోండి. హైదరాబాద్ ప్రయాణంలో డబ్బాను చేతి సంచిలోనే పెట్టుకోండి. వెల్క్రో, జిప్పు ఉన్న అరలో వద్దు. సెక్యూరిటీ దగ్గర తెరవమంటే మూత మీరే తీసి టిష్యూ పొర ఎత్తి చూపించండి. దిగాక వెంటనే తెరవకుండా డబ్బాను ఒక రోజు గది వేడికి అలవాటు పడనివ్వండి, చల్లటి డబ్బాలోకి జూలై గాలి ఒక్కసారిగా వెళ్తే లోపల చెమ్మ పడుతుంది.